తొంభై మూడు రైట్లు

కొత్తపేట చుట్టుపక్కల పది ఊళ్ళలో కొబ్బరికాయల లెక్కంటే మాణిక్యాలరావే. దింపు అయ్యాక తోటలో కాయలు గుట్ట పోస్తారు చూడండి, ఆ గుట్ట ముందు తువ్వాలు నడుముకి బిగించి ఆయన కూర్చున్నాడంటే అమ్మే రైతు ఇంటికెళ్ళి కునుకు తీయొచ్చు, కొనే వ్యాపారి టీ తాగడానికి పోవచ్చు. ఇద్దరిలో ఎవరూ మళ్ళీ లెక్కపెట్టుకోరు. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. కాగితం, పెన్సిలు చేతికిస్తే పాతిక దాటేసరికి తడబడతాడు. అదే చేతిలో కాయ పడిందా, పదివేలైనా సరే, ఒక్కటి అటూ ఇటూ కాదు.

ఆయన పద్ధతి ఒకటుంది. తూర్పు తిరిగి కూర్చుని, మొదటి కాయ కళ్ళకద్దుకుని పక్కన పెడతాడు. అది వినాయకుడిది. ఆ తరవాత ఒకటికి బదులు "లాభం" అని మొదలుపెట్టి, "రెండు, మూడు" అని పైకి చెబుతూ ఒక్కొక్క కాయే అవతలికి విసురుతాడు. పాతిక అయ్యేసరికి గొంతు ఆగుతుంది గాని చెయ్యి ఆగదు. మరో రెండు కాయలు మాటా పలుకూ లేకుండా అవతలికి పోతాయి. అవి కొనేవాడికి కొసరు. కుళ్ళుకాయో, నీళ్ళు లేని కాయో తగిలితే పాపం నష్టపోకుండా అన్నమాట. మళ్ళీ "ఇరవయ్యారు" అంటూ గొంతు అందుకుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఇంతే. నిద్రలో లేపి కూర్చోబెట్టినా ఇంతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తొంభై ఏడో సంవత్సరం మే నెలలో ఈ మహానుభావుడు తన ఇంటి అరుగు మీద కూర్చుని పెట్టిన ఒక లెక్క వల్ల ఆ ఇంట్లో ముగ్గురికీ చాన్నాళ్ళు అన్నం సయించలేదు.

ఆయనకి ఒక్కతే కూతురు, హేమ. ఇంటర్ ఎంపీసీ చదివి, ఆ వేసవిలో ఎంసెట్ రాసింది. ఇంజనీరింగ్ చదవాలని ఆ పిల్లకి ఎంత పట్టుదలంటే, పరీక్ష ముందు నెల రోజులు దింపుడు కాయల మధ్యే చాప వేసుకుని లెక్కలు చేసుకుంది. డొనేషన్ కట్టి చేర్పించే తాహతు ఆ ఇంటికి లేదు. ర్యాంకుతో సీటొస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

పరీక్షయిన నాలుగో రోజు పొద్దున్న పేపర్లో జవాబుల కీ పడింది. హేమ పేపరు ఒళ్ళో పెట్టుకుని, తను జవాబులు గుర్తు పెట్టుకున్న ప్రశ్నపత్రం పక్కన పరుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నాకు చేతులు వణుకుతున్నాయి నాన్నా. నేను రైటో తప్పో చెబుతాను, నువ్వు లెక్కెట్టు."

"ఓస్, అంతేనా తల్లీ," అన్నాడు మాణిక్యాలరావు. పెన్సిలు అక్కర్లేదన్నాడు. అరుగు పక్కనే మర్నాడు పీచు ఒలుపుకి వెళ్ళాల్సిన కాయల గుట్ట ఉంది. తువ్వాలు బిగించాడు, తూర్పు తిరిగి కూర్చున్నాడు. రైటుకొక కాయ. హేమ "రైటు" అన్నప్పుడల్లా ఒక కాయ అవతలికి పోతోంది. "తప్పు" అన్నప్పుడు ఆయన చెయ్యి ఆగిపోయి, ముఖం చిన్నబోతోంది. వంటింటి గుమ్మంలో తల్లి సావిత్రి నిలబడి, రైటు అన్నప్పుడల్లా తనూ పెదాలు కదుపుతోంది. గంటకి పైగా పట్టింది.

"తొంభై మూడు," అన్నాడు ఆఖరికి.

హేమ ముఖం తెల్లగా పాలిపోయింది. "తొంభై మూడేనా? నాకు వంద దాకా వస్తాయనిపించింది నాన్నా. మళ్ళీ ఒకసారి లెక్కెడదామా?"

ఆ మాటకి మాణిక్యాలరావుకి ఎక్కడో తగిలింది. "నా లెక్కకి మళ్ళీ లెక్కేంటమ్మా?" అన్నాడు. కోపంగా కాదు గాని, ఊళ్ళో ఎవరితోనైనా ఎలా అంటాడో అలాగే అన్నాడు.  హేమ పేపరూ ప్రశ్నపత్రమూ తీసుకెళ్ళి నీళ్ళ పొయ్యిలో పెట్టేసింది. కాయలు మర్నాడే బండెక్కి ఒలుపుకి వెళ్ళిపోయాయి.

కొత్తపేటలో త్రిమూర్తులు మాస్టారని ఒకాయన ఉన్నారు. లెక్కల మాస్టారుగా రిటైరై, ఇంటి దగ్గర ర్యాంకుల అంచనా చెబుతుంటారు. జాతకం కాదండీ, పక్కా లెక్క. ఏటా పిల్లలు కీ చూసుకుని చెప్పిన మార్కులూ, తరవాత వాళ్ళకొచ్చిన ర్యాంకులూ పొడుగాటి పుస్తకంలో రాసుకుంటారు. అయిదేళ్ళ పుస్తకాలున్నాయి. పైసా పుచ్చుకోరు. ర్యాంకు కార్డు వచ్చాక తెచ్చి చూపించాలి, అదే ఆయన ఫీజు.

తండ్రీ కూతుళ్ళు ఆయన అరుగు మీద బల్ల చివర్న ఒదిగి కూర్చున్నారు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టి పుస్తకంలో కిందికి జరుగుతూ జరుగుతూ ఒకచోట ఆగారు.

"తొంభై మూడంటే పదకొండు వేల ర్యాంకు పైమాటేనమ్మా. కిందటేడు మన ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలో, మీ కేటగిరీ ఆడపిల్లలకి ఏడువేల తొమ్మిది వందలతో ఆగిపోయింది. మార్కుకి అయిదారొందల ర్యాంకు తేడా వచ్చేస్తోందమ్మా. ఏం చేస్తాం చెప్పు?"

"ఆయ్," అన్నాడు మాణిక్యాలరావు. తలూపాడు.

"అధైర్యపడకండి. లాంగ్ టర్మ్ కోచింగులో వేసేయండి, మళ్ళీ ఏడు ఖాయంగా కొడుతుంది. విజయవాడలో మంచివి ఉన్నాయి. కానీ ఒక్కటండీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే పెట్టుకుంటారు. ఏడాది దాకా ఇవ్వరు. అవి లేకపోతే ఈ ఏడు కౌన్సెలింగుకి వెళ్ళడం కుదరదు. పదకొండు వేలకి ఎలాగూ పిలుపు రాదు గనక నష్టం లేదనుకోండి."

అలా నిర్ణయం అయిపోయింది. ర్యాంకులు రావడానికి ఇంకా నెల రోజులుంది గాని, అక్కడ బ్యాచి శనివారం మొదలు.  ఆ వారమంతా హేమ అడిగినదానికి "ఊఁ" అంటుంది, పెట్టింది కాస్త తింటుంది, పెట్టెలో బట్టలు సర్దుకుంటుంది. మాణిక్యాలరావుకి కూతురి ముఖంలోకి చూడ్డానికే భయమేసింది. శనివారం తల్లే తీసుకెళ్తుందన్నాడు. కాయలు కొనే వ్యాపారి దొరబాబు లారీ వచ్చి తోటలో కూర్చుంది, లెక్కకి వెళ్ళక తప్పదని వంక చెప్పాడు. వంకేలెండి. బస్సెక్కించి చెయ్యి ఊపే గుండె ఆయనకి లేదు.

ఆ శనివారం పొద్దున్న తోటలో లెక్క సాగుతోంది. దొరబాబు స్కూటరు మీద చేరగిలి కూర్చుని ఉన్నాడు. చుట్టుపక్కల ఎవరింట్లో ఏ కూర వండారో కూడా తెలుసుకోవాలనుకునే మనిషి ఆయన.

"అమ్మాయికి ఎంసెట్లో ఎన్నొచ్చాయన్నారండీ?"

"తొంభై మూడండి," అన్నాడు మాణిక్యాలరావు కాయ విసురుతూ.

"ఎవరు లెక్కెట్టేరేటండీ?"

"నేనేనండి."

దొరబాబు పకపకా నవ్వాడు. "అయితే ఇంకేటండీ! మీ లెక్కలో తొంభై మూడంటే మా గోడౌన్లో తొంభై తొమ్మిది దిగుతాయండి, కొసరుతో కలిపి!"

లారీ దగ్గర మనుషులు కూడా నవ్వారు. మాణిక్యాలరావు నవ్వలేదు. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. పాతిక్కి రెండు. యాభైకి రెండు. డెబ్భై అయిదుకి రెండు. ఆ రోజు అరుగు మీద తన చెయ్యి ఏం చేసిందో గుర్తు తెచ్చుకుందామని చూశాడు. ఏమీ గుర్తు రాలేదు. ఊపిరి పీల్చడం ఎవరికి గుర్తుంటుంది?

"ఓరి భగవంతుడా," అన్నాడు. "బాబుగారూ, నన్ను రావులపాలెం తీసుకెళ్ళండి. పదకొండింటికి బస్సు. నా పిల్ల సర్టిఫికెట్లన్నీ పట్టుకుని వెళ్ళిపోతోందండీ!"

"లెక్క మధ్యలో లేచిపోతారేటండీ?" అని దొరబాబు అన్నాడు గాని, ఆ ముఖం చూసి మారు మాట్లాడకుండా స్కూటరు తీశాడు. ముప్ఫై ఏళ్ళలో మాణిక్యాలరావు సగంలో వదిలేసిన లెక్క అదొక్కటే.

రావులపాలెం సెంటర్లో అరటిగెలల లారీలు అడ్డదిడ్డంగా నిలబడి ఉన్నాయి. వాటి సందుల్లోంచి స్కూటరు దూరి వెళ్ళేసరికి, బస్సులాగే చోట సావిత్రి, హేమ పెట్టె మీద కూర్చుని కనిపించారు. బస్సు ఇంకా రాలేదు. మాణిక్యాలరావుకి ప్రాణం లేచొచ్చింది.

"తొంభై మూడు కాదే తల్లీ! తొంభై తొమ్మిది! నేను కొసరు తీసేసేను!"

సావిత్రి కంగారుగా మొగుడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. దొరబాబు మధ్యలో కల్పించుకుని సంగతి విడమర్చి చెప్పాడు. హేమ నమ్మలేదు. నమ్మాలని ఉంది, అందుకే నమ్మలేదు.

"నువ్వు నిజంగా అలా చేసేవో లేదో ఎలా తెలుస్తుంది నాన్నా? ప్రశ్నపత్రం కాల్చేసేను. కాయలా వెళ్ళిపోయేయి. అక్కడ బ్యాచి కూడా నిండిపోతే నాకు రెండూ ఉండవు."

"అదీ నిజమే కదండీ," అంది సావిత్రి. "ఇంత దూరం వచ్చేక ఇదేం గొడవ?"

మాణిక్యాలరావు చుట్టూ చూశాడు. రోడ్డు వార బొండాలమ్మే సుబ్బాయమ్మ ముందు గుట్టగా బొండాలున్నాయి. వెళ్ళి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు మళ్ళీ రైటు, రైటు అను తల్లీ. మధ్యమధ్యన తప్పు కూడా అను. ఎన్ని రైట్లన్నావో నీ మనసులో లెక్కెట్టుకో, నాకు చెప్పకు. నేను నా లెక్క నేనెడతాను. చూద్దాం, నా చెయ్యి ఏం చేస్తుందో."

"నా బొండాలతో ఆటలేటండీ బాబూ?" అని సుబ్బాయమ్మ కత్తి పట్టుకుని లేచింది. దొరబాబు ఆమెకి నచ్చజెప్పి నాలుగు బొండాలు కొట్టమన్నాక కూర్చుంది.

హేమ మొదలుపెట్టింది. "రైటు. రైటు. తప్పు. రైటు." పట్టపగలు, రావులపాలెం సెంటర్లో, చేతిలో సర్టిఫికెట్ల సంచీతో ఒక ఆడపిల్ల, ఎదురుగా బొండాలు విసురుతున్న పెద్దమనిషి. జనం మూగారు. అరటిగెలలు మోసేవాళ్ళు మోత దింపి మరీ చూశారు. మాణిక్యాలరావుకి ఇవేమీ పట్టలేదు. బొండం చేతిలో పడగానే గొంతు దారిలో పడింది. "ఇరవై మూడు... ఇరవై నాలుగు... పాతిక." తరవాతి రైటుకి బొండం వెళ్ళింది, గొంతు లేదు. ఆ తరవాతి రైటుకీ అంతే. "ఇరవయ్యారు." దొరబాబు సావిత్రి వైపు చూసి కళ్ళెగరేశాడు. సావిత్రి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంతలో విజయవాడ బస్సు వచ్చి ఆగింది. "విజయవాడ, విజయవాడ! పెట్టె పైనెయ్యాలా? ఎక్కుతారా లేదా అమ్మా?" అని కండక్టరు కేకేశాడు. హేమ రైటు అనడం ఆపింది. బస్సు వైపు చూసింది, తండ్రి చెయ్యి వైపు చూసింది. "రైటు," అంది.

కండక్టరు "రైట్" అనే మాట విని బెల్లు కొట్టబోయి, మళ్ళీ ఆగి, ఇదేం చోద్యమని కిందికి దిగి వచ్చి నిలబడ్డాడు.

"ఆపేను నాన్నా. ఇంక చెప్పు," అంది హేమ చివరికి.

"యాభై ఆరు," అన్నాడు మాణిక్యాలరావు ఏ మాత్రం తడబడకుండా.

హేమ సుబ్బాయమ్మ వైపు చూసింది. సుబ్బాయమ్మ అవతలికి పడ్డ బొండాలు ఒక్కొక్కటే తన వైపు లాక్కుంటూ లెక్కపెట్టింది. "అరవై అండీ బాబూ. పెద్దవారు మీరు, ఇంత లెక్క తప్పితే ఎలాగండీ?"

"అరవయ్యే అన్నాను నేను," అంది హేమ. అనేసి తండ్రి భుజం మీద తల పెట్టుకుని భోరుమని ఏడ్చింది. ఆ వారమంతా ఏడవని ఏడుపు అక్కడ ఏడ్చింది. మాణిక్యాలరావుకీ కళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఊరందరికీ ఎక్కువిచ్చేనే తల్లీ. నీకు మాత్రం తక్కువ కొలిచేను. మళ్ళీ లెక్కెడదామన్నావు కూడాను. నేను వినలేదు."

"పోనీలే నాన్నా," అంది హేమ ముక్కు చీదుకుంటూ. "ఊరుకో. అందరూ చూస్తున్నారు."

బస్సు వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది. సుబ్బాయమ్మ సావిత్రి చేతిలో ఒక బొండం పెట్టి, "దీనికి డబ్బులొద్దులేమ్మా, ఇది కొసరు," అంది.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ త్రిమూర్తులు మాస్టారి అరుగు మీద తేలారు. ఆయన అంతా విని చాలాసేపు నవ్వి, నవ్వు ఆపుకుని పుస్తకం తీశారు. వేలు మళ్ళీ కిందికి జరిగి ఆగింది. ఈసారి పైనే ఆగింది గాని, ఆయన ముఖం పూర్తిగా విప్పారలేదు.

"తొంభై తొమ్మిదంటే ఎనిమిది వేలు, అటూ ఇటూగా. కిందటేడు ఏడువేల తొమ్మిది వందలతో ఆగింది కదా. సరిగ్గా గట్టు మీద ఉన్నావమ్మాయ్. ఇంకొక్క మార్కుంటే గుండెల మీద చెయ్యేసుకుని పడుకోమనేవాణ్ణి. సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి."

ఇక ఆ తరవాతి మూడు వారాలూ మాణిక్యాలరావు పడ్డ యాతన చెప్పనలవి కాదు. గట్టు మీద అన్న మాట ఆయన్ని వదల్లేదు. లాంగ్ టర్మ్ వదిలేశాం, ఇక్కడ సీటు రాకపోతే పిల్ల గతేంటి? బస్సు దగ్గరికి తను వెళ్ళి తప్పు చేశాడా? కాయలు లెక్కపెడుతూ పెడుతూ మధ్యలో ఆగిపోయేవాడు. రోజుకి రెండుసార్లు పోస్టాఫీసు వైపు సైకిలు తిప్పేవాడు. హేమే కాస్త నయం. ఇంత అన్నం తింటోంది, పరీక్షలో ఏ ప్రశ్న ఎలా చేసిందో తల్లికి చెబుతోంది. సావిత్రికి అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా అన్నిటికీ తలూపుతోంది.

ఇరవై మూడో రోజున ర్యాంకు కార్డు వచ్చింది. పోస్టుమాన్ చేతిలోంచి తీసుకున్న మాణిక్యాలరావు దాన్ని విప్పలేదు. హేమని సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని తిన్నగా మాస్టారింటికి తొక్కాడు. ఫీజు బాకీ ఉంది కదా.

మాస్టారు కవరు చింపి, కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, దూరంగా పెట్టుకుని చూసి, "ఇదేంటండీ?" అన్నారు.

మాణిక్యాలరావు కార్డు మీదికి వంగాడు. "తగ్గేయాండీ?"

"తగ్గడం కాదండీ బాబూ, పెరిగింది! మీరు తొంభై తొమ్మిదన్నారు. ఇక్కడ వందుంది. ర్యాంకు ఏడువేల అయిదొందల నలభై. గట్టు దాటేసింది మీ అమ్మాయి! సీటొచ్చేసినట్టే!"

హేమ లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ నిలబడింది. ఏం చెయ్యాలో తెలియక మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టేసింది. అన్నట్టు ఆగస్టులో కాకినాడ కౌన్సెలింగులో ఆ పిల్లకి ఎలక్ట్రికల్‌లో సీటొచ్చింది గాని, నిజానికి ఆ ఇంటికి సీటొచ్చింది ఆ రోజే, ఆ అరుగు మీదే.

"అదంతా సరే. ఈ ఒక్క మార్కూ ఎక్కణ్ణుంచి వచ్చినట్టండీ?" అన్నారు మాస్టారు. పుస్తకంలో రాసుకోవాలి కదా, ఆయనకి లెక్క తేలాలి. "కొసరు ఆరు. తొంభై మూడూ ఆరూ తొంభై తొమ్మిదే. వందెలా అయింది?"

ఎవరికీ అంతుపట్టలేదు. హేమ కళ్ళు చిట్లించి ఆలోచించింది. "మొదటి ప్రశ్న రైటే మాస్టారూ. నేను రైటు అనగానే నాన్న కాయ తీసి..." అని ఆగిపోయి, తండ్రి వైపు తిరిగింది. "నాన్నా! అది కళ్ళకద్దుకుని పక్కన పెట్టేవు!"

మాణిక్యాలరావు నాలిక్కరుచుకున్నాడు. "వినాయకుడిదమ్మా," అన్నాడు చిన్నగా. "మొదటిది లెక్కలోకి రాదు కదా. బొండాలకి ఆ ఆనవాయితీ లేదు గనక రావులపాలెంలో బయటపడలేదు."

మాస్టారు పడీపడీ నవ్వారు. ఆ నవ్వుకి లోపల్నుంచి వాళ్ళావిడ కూడా వచ్చేసింది. ఆయన పుస్తకంలో వంద అని రాసి, దాని పక్కన ఇంకా ఏదో రాస్తూ నవ్వుతూనే ఉన్నారు. హేమ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది. మాణిక్యాలరావు మాత్రం ఆ కార్డుని రెండు చేతులా పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అంకెలు కనిపిస్తున్నాయి, మసగ్గా కనిపిస్తున్నాయి. లెక్కల్లో యాభై రెండు, ఫిజిక్సులో ఇరవై నాలుగు, కెమిస్ట్రీలో ఇరవై నాలుగు.

కార్డు తీసుకెళ్ళి కూతురి చేతిలో పెట్టాడు.

"మళ్ళీ ఒకసారి లెక్కెట్టు తల్లీ," అన్నాడు.

హేమ మూడూ కలిపి వంద అని చెప్పింది.

"ఇంకోసారి," అన్నాడు మాణిక్యాలరావు.